గట్టు అవతలి జల

విశ్వావసు సంవత్సరం, చైత్రం, ఐతారం

పొద్దటి సంది భూమవ్వ బాయి మీద మోట కొడుతున్నరు. గిరక కిర్రు కిర్రు మంటుంటే ఇంట్ల కూసున్నా ఇనవడుతది. చెవుల్ల దూది వెట్టుకున్న. అయినా ఇనవడ్డది. గిరకకు జర నూనె పొయ్యరాదా? పొయ్యరు. వాళ్ల బాయిల నీళ్లున్నయని ఊరంతా ఇనాలె.

నాకేం కండ్లమంట లేదు. నా యారాలే గదా, మరిది రాయమల్లు పెండ్లాం. దాన్ని ఈ ఇంట్ల కుడికాలు పెట్టిచ్చింది నేనే. ఉత్తగ రాస్తున్న.

రాసుడు దానికి రాదు. ఊర్ల రాత్రి బడి పెట్టినప్పుడు మూడొద్దులు వచ్చి, కండ్లు గుంజుతున్నయని మానేసింది. నేను ఆర్నెల్లు పోయిన. ముసలిదానికి పలకేందని మంది నవ్విన్రు. నవ్వనియ్. గీ ఒక్కటి భూమవ్వకు లేదు.

మంగళారం

కొడుకు సిద్దిరాములుతోని లొల్లి. అన్నం ముంగట కూసోని చెప్పిండు.

"మూడేండ్లాయె అవ్వా, మబ్బుల దిక్కు చూసుడు. ఈ ఎండకాలం బాయి తవ్వుదాం. నీళ్లు పడ్డయా, బతికినం. పడకపోతే పొలం చిన్నబాపుకు పాలుకిస్త. నేను గూడ ఆయన దగ్గర్నే నాగలి పడుత."

"పోచంపాడు కాల్వ వస్తదంటున్నరు గదరా."

"వచ్చేటాల్లకు నువ్వుండవు, నేనుండ."

వాళ్ల బాపు పోయిననాడు గూడ నాకు గింత భయం కాలే. నా కొడుకు భూమవ్వ కొట్టంల ఎడ్లు విప్పాలె. అది గడప మీద కూసోని "సిద్దిరాములూ, గా గడ్డి జర ఇటెయ్" అనాలె. నేను గోడ ఇవతల నుంచి ఇనాలె.

బాయి తవ్వాలె.

బుధారం

మా కాడ ఉన్నది గింతే. ఎడ్లను ముట్టద్దు, దున్నాలె. అమ్మెతందుకు నా కాళ్ల కడియాలు, ఒక బర్రె. రాయమల్లుకు పంచాయతి సమితిల బాయి అప్పు దొరికింది, మాకు వచ్చే ఏడు చూద్దామన్నరు. వచ్చే ఏడు ఎవలు చూసిన్రు.

బాయిలు తవ్వే ఒడ్డె హనుమండ్లు వచ్చి గుత్త మాట్లాడిపోయిండు. ఆరు నిలువుల లోతు. ఒక నిలువంటే మనిషి నిలవడి చెయ్యి లేపినంత. నాకు అనుమానం, పొట్టి మనిషి, తన నిలువు లెక్కనే కొలుస్తడేమో. బండ తగిలితే పేల్చే మందు ఖర్చు మాదే. ఆరు దాటితే మల్ల పైసలు. మల్ల పైసలు లేవు. కోడలు అనసూర్య కాన్పు కోసం దాసిన మూట ఉన్నది, దాన్ని ముట్టద్దు. అనసూర్య హుస్నాబాద్‌ల తల్లిగారింట్ల ఉన్నది. ఎట్లున్నదో. మొదటి కాన్పు. కాళ్లు వాచినయని ఉత్తరం వచ్చింది. ఏ కాలు వాచిందో రాయలే.

శుక్కురారం

నీళ్లు చూసే బాబు మియా మెట్‌పల్లి నుంచి వచ్చిండు. సిద్దిరాములు బర్రెను తోలుకొని అంగడికి పోయిండు. అది మలుపు దాక ఎనక్కి ఎనక్కి చూసుకుంట పోయింది. దాని గురించి రాయ.

పొలంల నేను, బాబు మియా ఇద్దరమే. చెప్పులు ఇడిసి, వేపపంగ రెండు చేతుల్ల పట్టుకొని నడిచిండు. నేను ఎనుక నడిచిన. భూమవ్వ గట్టు కాడికి పోయినప్పుడు పంగ జర వంగినట్టు అనిపిచ్చింది. ఆయన ఆగలే.

"గాడ వంగింది గద భాయీ?"

"లేదమ్మా. చెయ్యి చెమటవట్టింది."

పోయి పోయి గా కొసకు, మోదుగు చెట్టు కాడ ఆగిండు. పంగ కిందికి గుంజింది. చేతుల నరాలు తాళ్ల లెక్క లేసినయ్.

"గిక్కడ తవ్వుండ్రి. ఐదు నిలువులల్ల పానీ. మీఠా పానీ. ఫికర్ చెయ్యకు" అని చింతకట్టె మేకు దిగ్గొట్టిండు.

మోదుగు చెట్టు కాడనట. గా చెట్టు కింద నేను కాపురానికి వచ్చిన సంది పిడికెడు పచ్చగడ్డి మొలువలే. భూమవ్వకేమో గట్టు పక్కన మూడు నిలువులకే పడ్డది. దానికి మూడు, నాకు ఐదా?

"గా గట్టు కాడి జలనే ఇటు రాదా భాయీ?" అన్న.

"జల దేని తొవ్వ దానిదమ్మా. వాళ్లది వేరే, మీది వేరే."

పైసలు నీళ్లు పడ్డంక తీసుకుంట అన్నడు. నమ్మకం ఉండి గట్లన్నడా, నమ్మకం లేక అన్నడా?

శనారం

తెల్లారంగ పొలం దిక్కు పోయిన. ఊరికెనే. మేకు సక్కగ దిగలే, వంకర ఉండె. సరిజేసి వచ్చిన.

నడుము నొప్పి.

ఐతారం

హనుమండ్లు మందితోని వచ్చిండు. గాడిదలు, గడ్డపారలు, తట్టలు, ఆడోళ్లు, ఒక మేకపిల్ల గూడ. సిద్దిరాములు మేకు చూసి నా దిక్కు చూసిండు.

"గిదేందవ్వా, చిన్నబాపు గట్టు కాడికే వచ్చింది?"

"బాబు మియా కొట్టిండు. నాకేమెర్క?"

హనుమండ్లు అంగలు వేసి చూసిండు. "గింత దగ్గర రెండు బాయిలు ఎవలు తవ్వరు పెద్దవ్వా. ఇరవై అంగలు గూడ లేదు."

"నువ్వు నీళ్లు చూసెటోనివా, తవ్వెటోనివా?"

వాని ఆడోళ్లు నవ్విన్రు. వాడు గూడ నవ్విండు. కొబ్బరికాయ కొట్టినంక జాగ మార్చద్దు, గది వాళ్ల కట్టుబాటు. జల్ది కొట్టుమన్న. కొట్టిండు.

భూమవ్వ గట్టు మీద నిలవడి, కొంగు నోటికి అడ్డం వెట్టుకొని చూస్తున్నది. నవ్వుతున్నదో ఏందో తెలువది. "మంచిగ పడాలె అక్కా" అన్నది.

పడాలెనట. పడేటియి నీ నీళ్లే పిల్లా.

పై మాట కొట్టేద్దామనుకున్న. ఉండనియ్. దానికి చదువు రాదు.

వైశాఖం, బుధారం

రెండు నిలువులు అయినయ్. ఎర్రమట్టి, తర్వాత మొరం. ఎక్కడ చూసినా పొడి. మోకు అరిగినట్టు కనవడుతది, చెప్తే హనుమండ్లు ఇంటలేడు. అంచున నిలవడి తట్టలు అందుకునే పిల్లకు కాన్పయ్యి నెల గూడ కాలే. జారితే? మన బాయిల జారితే?

భూమవ్వ కడవనిండ మజ్జిగ పంపింది. ఉల్లిగడ్డ కోసి వేసి, కరేపాకు దంచి వేసి. హనుమండ్లు మీసాలు తుడుసుకొని "పెద్దవ్వా, మీ యారాలు చెయ్యి ఏమన్న చెయ్యా" అన్నడు.

నేను పొద్దుగాల జొన్న అంబలి పోసిన. చల్లగ చేసి పోసిన. అంబలి గురించి ఎవలూ ఏమనలే. బర్రె ఉంటే నేను పొయ్యకపోదునా?

బేస్తారం

మల్ల మజ్జిగ.

శనారం

బండ తగిలింది. సరింగ మూడు నిలువుల కాడ.

దానికి మూడు నిలువులకు నీళ్లు, నాకు మూడు నిలువులకు బండ. గడ్డపార దెబ్బకు కంచు లెక్క మోగుతున్నది. హనుమండ్లు చెవి ఆనిచ్చి ఇన్నడు. "నల్లబండ పెద్దవ్వా. తూటాలు వెట్టాలె. గియాల ఆపుతమా, ఇంక లోతుకు పోతమా?"

సిద్దిరాములు నా దిక్కు చూసిండు. పొమ్మన్న. కోడలు కాన్పు మూట విప్పిన. సగమే తీసిన. మల్ల కట్టేటప్పుడు మూట అంతే ఉన్నట్టు కనవడాలెనని లోపట పాత గుడ్డ పెట్టిన. ఎవలి కోసం పెట్టిన్నో తెల్వది. గా మూట ముట్టేది ఇంట్ల నేనే.

మంగళారం

మెట్‌పల్లి బస్సు దిగి బాబు మియా రోడ్డు మీదికెల్లి వస్తుండు. నేను గడ్డివాము ఎనుక కూసున్న. ఎండ మస్తు కొడుతుండె.

ఆయన పక్కూరి తొవ్వ పట్టి పోయిండు. పోయినంక గూడ జరసేపు కూసున్న. సిద్దిరాములు చూసిండు.

"ఏం చేస్తున్నవవ్వా ఆడ?"

"కోడి గుడ్డు పెట్టిందా అని."

"మనకు కోడెక్కడిది?"

నెత్తిల గడ్డిపోచలు సాయంత్రం దాక ఏరుకున్న.

గురువారం అని రాయాలెనట, రాత్రి బడిల చెప్పిన్రు. మేం బేస్తారమే అంటం. బేస్తారం

ఇయాల మూడు తూటాలు. హనుమండ్లు "ఓ పారుండ్రో" అని మొత్తుకున్నడు. ఇల్లు అదిరి ఉట్టి మీది కుండ పగిలింది. పొగ పోయినంక అందరం పోయి చూసినం. రాయి. పగిలిన కాడ తెల్లగ, కొత్తగ, పొడిగ.

రాయమల్లు గట్టు అవతల నుంచి అన్నడు: "వదినా, మందు జర తక్కువ దంచమను. మా బాయి రాళ్లు కదులుతున్నయ్."

"గట్టు ఇవతల నా ఇష్టం" అన్న.

మల్ల ఎడ్ల కాడికి పోయిండు. మంచోడు. అన్న చచ్చిపోయినప్పుడు మూడొద్దులు తిండి ముట్టలే. అన్నీ దానికే దొరికినయ్. మొగడు దొరికిండు. ఉన్నడు గూడ.

జ్యేష్ఠం, సోమారం

ఐదు నిలువులు. ఏం లేదు.

మోదుగు చెట్టు కాడ అయితే ఈ పాటికి

మంగళారం

సిద్దిరాములు పొద్దుగాల రాయమల్లు ఇంటికి పోయి వచ్చిండు. పొలం పాలుకిచ్చే ముచ్చట మాట్లాడిండట. ఎటూ రెండు మూడు దినాలల్ల తేలిపోతది గద అన్నడు. నాకు చెప్పకుంట పోయిండు. భూమవ్వ చాయ పోసిందట.

"చిన్నవ్వ ఏమన్నది?"

"ఏమనలే. అవ్వను తొందరపెట్టకురా అన్నది."

గా మాట నాకు కోసుకపోయింది. అది తిట్టినా బాగుండు. మూటల మిగిలిందంత తీసి హనుమండ్లు చేతుల వెట్టిన. పాత గుడ్డ గూడ వాని చేతులకే పోయింది, వాడు దాంతోనే చెమట తుడుసుకున్నడు.

"ఆఖరి నిలువు, హనుమండ్లూ. మందు మంచిగ దంచు."

"ఏ దిక్కు గోడకు వెట్టాలె?"

వాడే అడిగిండు. నేను అడుగుమనలే. గట్టు దిక్కు చూపిచ్చిన.

శుక్కురారం

పడ్డది.

మధ్యాహ్నం తూటా పేలినంక మొదలు పొగ, తర్వాత హనుమండ్లు తమ్ముడు లోపట నుంచి మొత్తుకున్నడు, "జల! జల!" అని. సిద్దిరాములు అంగీ గూడ ఇడువకుంట మోకు పట్టుకొని దిగిండు. దోసిళ్లు వట్టి తాగిండు, ముఖం మీద కొట్టుకున్నడు, "అవ్వా, తియ్యగున్నయే!" అన్నడు. నా కొడుకు గట్ల నవ్వంగ చూసి ఎన్నొద్దులాయె. ఆడోళ్లు తట్టలు వాయించిన్రు. నేను గూడ నవ్విన. ఏడ్సిన గూడ.

ఆ తర్వాత అంచున వంగి చూసిన. నీళ్లు అడుగుకెల్లి వస్తలేవు. పక్క గోడ పగులుల కెల్లి, చెయ్యి పట్టేంత సందుల కెల్లి, దునుకుతున్నయ్. భూమవ్వ దిక్కు గోడ.

హనుమండ్లు చూసిండు. వాడు నా దిక్కు గూడ చూసిండు. "ముత్తయిదువ వచ్చి పసుపు కుంకుమ వెయ్యాలె పెద్దవ్వా. గప్పటిదాక కడవ ముంచద్దు. నీ కోడలు లేదు, నువ్వు వెయ్యరాదు. మీ యారాలును పిలువు" అన్నడు.

ఊర్ల ఇంక ముత్తయిదువలే లేరా? మా ఇంటి మనిషే కావాలెనట. మా ఇంట్ల అదే మిగిలింది.

శనారం

పిలువలే. తలనొప్పి.

పొద్దుగాల గిరక చప్పుడు లేదు. చెవి పెట్టి ఇన్న. దూది తీసినట్టు గుర్తే, అయినా చెవుల వేలు పెట్టి చూసుకున్న. లేదు.

సిద్దిరాములు వచ్చి చెప్పిండు. చిన్నబాపు బాయిల నీళ్లు నిలువు మీద దిగినయట. మోట బొక్కెన మునుగుతలేదట. మూడు నిలువులకే నీళ్లు పడ్డా వాళ్లు ఐదు దాక తవ్విన్రు, మాది ఆరు, నిలువు లోతు. వాడు ఇంక ఏమన్న అంటడేమోనని చూసిన. కాళ్లకు అంటిన బురద గీకుకుంట కూసున్నడు. ముఖం మీద నిన్నటి నవ్వు లేదు.

నేను కోరుకున్నది గిదే గద. మరి వండిన అన్నం ఎందుకు ముట్టలే?

తలనొప్పి గద, గందుకే.

ఐతారం

పోయిన. వేరుపడ్డ పద్నాలుగేండ్లకు వాళ్ల గడప తొక్కిన. భూమవ్వ మక్కకంకులు ఒలుస్తున్నది. లేసి పీట వేసింది.

"కూసో అక్కా."

"కూసునెతందుకు రాలే. బాయికి బొట్టు వెయ్యాలెనట."

"ఎవలు?"

"నువ్వే."

కంకులు పక్కకు జరిపి, చేతులు కడుక్కొని లోపటికి పోయింది. వచ్చేటాల్లకు చీర మార్చుకున్నది, పచ్చ అంచుది. నా బాయికి నా కంటే మంచి చీర కట్టుకొని వచ్చింది.

అందరి ముంగట పసుపు వేసింది, కుంకుమ వేసింది, రెండు గాజులు తీసి నీళ్లల్ల ఇడిసింది. తెపాల చెక్కలు, బెల్లం నైవేద్యం పెట్టింది. గంగమ్మకు మొక్కింది. మొక్కి లేసేటప్పుడు గా గోడ పగులు చూసింది. చానసేపు చూసింది.

మంది అన్నాలకు కూసున్నంక నన్ను గట్టు కాడికి రమ్మన్నది.

"అక్కా, నువ్వు మేకు పీకిననాడు నేను మక్కచేన్ల మంచె మీదున్న. చిలుకలు కొడ్తుంటి."

"చూసినవా?"

"చూడక? మోదుగు చెట్టు కాడికెల్లి చంకల వెట్టుకొని ఉరికినవ్. నీకు ఇంక గంత ఉరుకుడు చేతనైతదని నాకెర్కనే లేదు."

"మరి చెప్పకపోతివి."

"చెప్తే ఏమందువు? నీళ్లున్నయని మురిసిపోతున్నది, నన్ను దగ్గరికి రానిస్తలేదు అని ఊరంత చెప్పుదువు. మా ఆయనకు చెప్తే ఆయనా, నీ కొడుకూ కొట్టుకుందురు. నల్లబండ తగిలితే నీయంత నువ్వే మోదుగు కాడికి పోతవనుకున్న. నువ్వు పోకపోతివి."

గట్టు మీద చీమలు పోతున్నయ్, వాటినే చూసిన.

"పద్నాలుగేండ్లాయె గీ గట్టు పడి" అన్నది. "నా దిక్కు నువ్వు నడిచిందే లేదు. నడిస్తే గిట్ల నడుస్తివి, చంకల మేకు వెట్టుకొని." నవ్వింది. నవ్వుకుంటనే కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. "నా నారుమడి ఎట్లనే అక్కా ఇప్పుడు?"

మల్ల భూమవ్వనే మందిలకు పోయి చెప్పింది, రెండు బాయిల జల ఒక్కటైంది, ఒకనాడు వాళ్లు ఒకనాడు మేము వంతుకు తోడుకుందామని. రాయమల్లు తల ఊపిండు. హనుమండ్లు "భూమవ్వది గొప్ప మనసు" అన్నడు. అందరు అన్నరు. నా కొడుకు గూడ.

మేకు మాట అది చెప్పలే. నేను చెప్పలే.

నీళ్లు తీసుకున్నది నేను, ఇచ్చింది అది అయింది. గా గొప్ప మనసు గూడ దానికే దొరకాల్నా?

బుధారం

అనసూర్యకు బిడ్డ పుట్టింది. ఇద్దరు మంచిగున్నరట. కాన్పు ఖర్చు అని ఎవరో సిద్దిరాములు మామకు ఇచ్చి పంపిన్రట. ఎవరని అడిగిన. "చిన్నవ్వ" అన్నడు.

ఇయాల ఇంక రాయ.

ఆషాఢం, శుక్కురారం

మిరుగు కార్తె పోయినా చినుకు లేదు. ఇయాల మా వంతు. సిద్దిరాములు పొద్దటి సంది మోట కొట్టిండు. మా నారుమడి మంచిగున్నది, అరచెయ్యి ఎత్తు లేసింది. గట్టు ఎక్కి అవతల చూసిన. చూస్త, రోజు చూస్త, అలవాటు. భూమవ్వ నారు కొసలు పసుపు తిరిగినయ్. మేం తోడినంత సేపు వాళ్ల బాయి దిగుతది. మాది లోతు గద. వాళ్ల వంతు వచ్చేటాల్లకు బొక్కెన సగమే మునుగుతదట. రాయమల్లు ఒక్క మాట అనలే. అది గూడ అనలే. నిన్న దాని వంతుల, అడుగున బురద తాకేదాక తోడి, మడి నడుమ వంగి చేతులతోని నీళ్లు పంచుకుంట తిరిగింది. నడుము పట్టుకొని లేసింది.

పొద్దు ఇంక తాటిచెట్టంత ఉన్నది. సిద్దిరాములు కాడికి పోయిన.

"ఎడ్లు అలిసినయ్. విప్పు."

"గింత జల్దా? ఇంక రెండు సాళ్లు తడవాలె అవ్వా. ఎడ్లు మంచిగనే ఉన్నయ్."

"అలిసినయంటున్న గద. విప్పు."

విప్పిండు. ఎడ్లు అలవలే. కొట్టం దిక్కు రానే రావు, తోలుకుపోవాల్సి వచ్చింది.

నేను బాయి అంచున కూసున్న. అలలు ఆగినయ్. మేం తోడకుంటే, గా పగులులకెల్లి ఇటు వచ్చే నీళ్లు ఆగి భూమవ్వ బాయిల నిలువాలె. నిలుస్తున్నయో లేదో పైకెల్లి కనవడది. సప్పుడు గూడ రాదు. మా గోడ మీది తడి గీత దాక నీళ్లు లేస్తయా అని, దాని మీదనే కన్ను వెట్టి, చానసేపు చూసుకుంట కూసున్న.